డ్రైవ్‌వేకి అడ్డంగా కారు: ముందు గీత కాదు, కెర్బ్ చూడండి

ఇంగ్లండ్‌లో ఇంటిముందు ఎవరో కారు పెట్టేసి పోతే మనవాళ్లు ముందు వెతికేది రోడ్డు మీది తెల్ల గీతను. నిజానికి చూడాల్సింది కెర్బ్ రాళ్లను, అంటే పేవ్‌మెంట్ అంచున పేర్చిన రాళ్లను. మీ డ్రైవ్‌వే ఎదుట కెర్బ్ రోడ్డు మట్టానికి దించి ఉందా లేదా అన్నదాన్ని బట్టే ఎవరికి ఫోన్ చేయాలో, చేస్తే వాళ్లు కదులుతారో లేదో తేలుతుంది.

సమస్య: తెల్ల గీత మీదే కారు పెట్టారు. కౌన్సిల్‌కి చెబితే "గీతకు ఫైన్ లేదు" అంటున్నారు.

కారణం: వాళ్లన్నది నిజమే. రెండు చివర్లా చిన్న అడ్డగీతలున్న ఆ పొడవాటి గీతను హెచ్ బార్ అంటారు. అది "ఇక్కడ దారి ఉంది, దయచేసి పెట్టకండి" అనే మర్యాద మాత్రమే. టికెట్ పడేది డ్రాప్డ్ కెర్బ్‌కి (రోడ్డు మట్టానికి దించిన కెర్బ్‌కి) అడ్డం పెట్టినందుకు, 2004 ట్రాఫిక్ మేనేజ్‌మెంట్ చట్టం 86వ సెక్షన్ కింద.

పరిష్కారం: ఫిర్యాదులో గీత ఊసెత్తకండి. "డ్రాప్డ్ కెర్బ్ బ్లాక్ అయింది, కోడ్ 27" అని చెప్పండి (పార్కింగ్ టికెట్లలో ఈ తప్పుకి వాడే నంబరు అది). ఇంటి డ్రైవ్‌వే ముందున్న కారుకి కౌన్సిల్ పార్కింగ్ వార్డెన్ తనంతట తానుగా టికెట్ రాయడు. ఆ ఇంటివాళ్లే ఒప్పుకుని పెట్టించారేమో అతనికి తెలియదు కదా. అందుకే ఇంట్లో ఉంటున్నవాళ్లే అడగాలి. అద్దెకున్నా అడగొచ్చు, ఓనర్ సంతకం అక్కర్లేదు. కారు నంబరు, రంగు, మీ ఇంటి నంబరు, టైము ఇవ్వండి. ముందు చక్రం, కెర్బ్ రాయి ఒకే ఫొటోలో పడేలా తీసిపెట్టుకోండి. లండన్ బయట చాలాచోట్ల టికెట్ 70 పౌండ్లు, 14 రోజుల్లో కడితే సగం.

సమస్య: కారు ముక్కు మాత్రమే అడ్డం వచ్చింది. వార్డెన్ వచ్చి చూసి వెళ్లిపోయాడు.

కారణం దాదాపు ఎప్పుడూ వాలు రాయే, అంటే మామూలు ఎత్తు నుంచి దించిన మట్టానికి ఏటవాలుగా దిగే రాయి. ఒక్కో కెర్బ్ రాయి సుమారు 91 సెంటీమీటర్లు. మామూలు డ్రైవ్‌వేకి పూర్తిగా దించిన రాళ్లు నాలుగు, అంటే 3.66 మీటర్లు. వాటికి అటూ ఇటూ ఒక్కో వాలు రాయి కలిపితే 5.5 మీటర్లు. బంపర్ వాలు రాయి దాకానే వస్తే అది డ్రాప్డ్ కెర్బా కాదా అన్న వాదన మొదలవుతుంది, వార్డెన్ ఆ తలనొప్పి పెట్టుకోడు. దించిన రాయి మీదికి వస్తే మాత్రం గట్టిగా అడగండి. హెచ్ బార్ అసలు పనికొచ్చేది ఇక్కడే. వాలు రాళ్లు కూడా కలిసేలా గీయమని కౌన్సిల్‌కి దరఖాస్తు పెట్టండి. ఫీజు ఒక్కో కౌన్సిల్‌ది ఒక్కో రేటు. డబ్బులు మిగులుతాయని పెయింట్ డబ్బా కొని మీరే గీయకండి, 1980 హైవేస్ చట్టం ప్రకారం అది నేరం. రోడ్డు మీద కోన్లు పెట్టి జాగా ఆపుకునే హక్కూ లేదు.

సమస్య: మీ కారు లోపల ఇరుక్కుపోయింది, ఆఫీసుకి టైమైపోతోంది.

బయటికి రాలేకపోతే అది రోడ్డుకి అడ్డంకి కింద పోలీసుల దాకా వెళ్లే విషయం. పోలీసుల మామూలు నంబరు 101కి ఫోన్ చేయండి, అత్యవసరాలకుండే 999కి కాదు. లోపలికి వెళ్లలేకపోతే మాత్రం సాధారణంగా కౌన్సిలే చూడాలి. ఈ తేడా తెలియకే జనం రెండు ఆఫీసుల మధ్య బంతిలా తిరుగుతుంటారు. రెండింటికంటే ముందు అటూ ఇటూ నాలుగు తలుపులు తట్టండి, ఎక్కువసార్లు పక్కింటి చుట్టాల కారే అయ్యుంటుంది.

సమస్య: గేటు ఉంది, ఇంటిముందు కాంక్రీటూ ఉంది, అయినా ఎవరూ పట్టించుకోవట్లేదు.

కెర్బ్ దించలేదు. ముందున్న ఓనర్ తోట తీసి పేవింగ్ వేయించి, కౌన్సిల్ అనుమతి మాత్రం తీసుకోకుండా వదిలేసి ఉంటాడు. అలాంటిచోట అడ్డం పెట్టినవాడి మీద 86వ సెక్షన్ పనిచేయదు. పైగా పేవ్‌మెంట్ ఎక్కించి కారు లోపలికి తెస్తున్నందుకు నోటీసు మీకే రావచ్చు. వెహికల్ క్రాసింగ్‌కి, అంటే కెర్బ్ దించి పేవ్‌మెంట్ మీదుగా కారు దాటే దారికి, కౌన్సిల్‌కి దరఖాస్తు చేయడమే దారి. స్థలం లోతు 4.8 మీటర్లో అంతకంటే ఎక్కువో ఉండాలని చాలా కౌన్సిళ్లు పట్టుబడతాయి. ఎ, బి, సి అని వర్గీకరించిన రోడ్ల మీదైతే ప్లానింగ్ పర్మిషన్ కూడా కావాలి. ఇల్లు కొనేముందే ఇది చూసుకోండి.

సమస్య: మీ డ్రైవ్‌వే లోపలే ఎవరిదో కారు.

ఇది రోడ్డు కాదు, మీ స్థలం. కాబట్టి మామూలుగా కౌన్సిల్ రాదు, సివిల్ గొడవ కాబట్టి పోలీసులూ మామూలుగా రారు. కోపంలో చక్రానికి క్లాంప్ (తాళం) వేస్తే మీరే నేరం చేసినవాళ్లవుతారు, 2012 అక్టోబర్ నుంచి ప్రైవేటు స్థలంలో అది నిషేధం. తేదీతో చీటీ పెట్టండి, ఫొటో తీయండి. టాక్స్ లేని బండైతే డీవీఎల్‌ఏకి (బండ్ల రిజిస్ట్రేషన్, టాక్స్ చూసే ప్రభుత్వ సంస్థకి) చెప్పండి. ఇంకా కదలకపోతే లాయర్ ఉత్తరమే. మళ్లీ ఇలా కాకుండా గేటో మడిచే పోస్టో పెట్టించుకోండి.

సమస్య: రెండిళ్లకి ఒకటే డ్రైవ్‌వే. పక్కవాళ్లు "మేం ఒప్పుకునే పెట్టించాం" అంటున్నారు.

ఒకే ఇంటి డ్రైవ్‌వేకి చెల్లే ఆ అనుమతి ఉమ్మడి దారికి చెల్లదు. రోడ్డు మీద డ్రాప్డ్ కెర్బ్‌కి అడ్డం ఉంటే మీరు ఫిర్యాదు చేయొచ్చు, టికెట్ పడుతుంది. దారి లోపల పెడితే మాత్రం ల్యాండ్ రిజిస్ట్రీ నుంచి రెండిళ్ల టైటిల్ కాగితాలు తీసి, ఎవరికెంత దారి హక్కు రాసి ఉందో చూడాలి.