స్కాట్లాండు వర్తక భూస్వామి ఇంటి లెక్క తీయడం ఎలా

యానాం దగ్గర ఇంజరంలోనూ, నరసాపురం పక్కన మాధవాయపాలెంలోనూ ఈస్టిండియా కంపెనీ గుడ్డల వ్యాపారం చేసిన రోజుల్లో ఆ కంపెనీ కొలువులో స్కాట్లాండు వాళ్లు చాలామంది ఉండేవారు. అలాంటి దొర ఒకడి పేరు పాత కాగితంలో తగిలి, వాడి తాతముత్తాతల్ని వెతుక్కుంటూ పోతే 1600 ప్రాంతపు వర్తకుడి దగ్గర తేలవచ్చు. సరుకు అమ్మి సొమ్ము చేసుకుని, ఆ సొమ్ముతో పొలాలు కొని, ఊరిపేరు తన పేరుకి తగిలించుకున్న మనిషి అన్నమాట. ఆయన కుటుంబం, ఆస్తి లెక్క తీయాలంటే ఈసీ తీయించి లింకు డాక్యుమెంట్లు పట్టుకునే మన అలవాటు సగం దూరం పనికొస్తుంది. బోల్తా పడేది మిగతా సగంలోనే. అక్కడ భూమిది ఒక దారి, సొమ్మూ సామానుది ఇంకో దారి. వారసులు వేరు, కోర్టులు వేరు, పుస్తకాలు వేరు. ఒక్క దారే చూసి వంశవృక్షం గీస్తే అందులో సగం మంది పిల్లలు కనబడరు.

పేరు పక్కన ఉన్న ఊరు

ముందు మనిషిని గట్టిగా గుర్తుపట్టాలి. ఒక్క అబర్డీన్ జిల్లాలోనే విలియం ఫోర్బ్స్‌లు కొల్లలు. బాల్టిక్ సముద్రం ఒడ్డున ఉన్న డాన్జిగ్ రేవుతో వ్యాపారం చేసి, "డాన్జిగ్ విల్లీ" అని పేరు పడి, 1610లో మోర్టిమర్ల కుటుంబం నుంచి క్రెయిగీవార్ అనే ఎస్టేటు కొన్న ఫోర్బ్స్‌ని మిగతా వాళ్ల నుంచి విడదీసేది "ఆఫ్ క్రెయిగీవార్" అన్న ముక్కే. ఇక్కడ "ఆఫ్"కీ "ఇన్"కీ తేడా ప్రాణం. "ఆఫ్" అని ఉంటే ఆ భూమికి హక్కుదారు. "ఇన్" అని ఉంటే అక్కడ కౌలుకి ఉన్నవాడు. మన దస్తావేజుల్లో ఫలానా ఊరి జమీందారు అనడానికీ, ఫలానా ఊరి కాపురస్తుడు అనడానికీ ఉన్నంత దూరం అది. "పోర్షనర్ ఆఫ్" అంటే వాటాదారు.

వర్తకుడి పేరు పక్క మాట అతని జీవితంతోపాటు మారుతుంది. మొదట పట్టణంలో వ్యాపార హక్కున్న "మర్చంట్ బర్జెస్", తర్వాత ఒక ఊరి "ఆఫ్", ఇంకా పెద్ద భూమి కొంటే మరో ఊరి "ఆఫ్". అందుకని ఏ కాగితంలో ఏ ఏడు ఏమని రాశారో తేదీల వరుసలో ఒక చీటీ కట్టుకోండి. ఇది చేయకపోతే ఒకే మనిషి ముగ్గురవుతాడు, లేదా తండ్రీ కొడుకూ కలిసిపోతారు. తాత పేరు పెద్ద మనవడికి పెట్టడం అక్కడా ఆచారమే, మనకి కొత్త కాదు. కాకపోతే ఆ ఆచారాన్నే సాక్ష్యం అనుకుని ఖాళీలు నింపకండి.

బర్జెస్ చిట్టాలు చిన్నవిగా కనిపించినా వాటిలో సరుకుంది. హక్కు తండ్రి తరఫున వచ్చిందా, శిష్యరికం చేస్తే వచ్చిందా, భార్య తరఫున వచ్చిందా అన్నది రాస్తారు. బర్జెస్ కూతుర్ని చేసుకున్నవాడికి ఆ హక్కు దక్కేది కాబట్టి మామగారి పేరు అక్కడే దొరుకుతుంది. పెళ్లయినా ఆడవాళ్లు పుట్టింటి పేరుతోనే కాగితాల్లో ఉంటారు. కనుక భార్యని భర్త ఇంటిపేరు కింద వెతికితే దొరకదు.

చుట్టరికాల మాటలు కొన్ని మోసం చేస్తాయి. "అంక్వైల్" అంటే కీర్తిశేషులు, "రిలిక్ట్" అంటే భర్త పోయిన ఆవిడ. "గుడ్ ఫాదర్" మంచి తండ్రి కాదు, మామగారు. "గుడ్ బ్రదర్" బావో బావమరిదో. "ఓయ్" అంటే మనవడు.

మట్టి, రాయి, వల, దోనె

భూమి చేతులు మారితే అక్కడ కాగితం ఒక్కటే చాలేది కాదు. ఆ నేల మీదే నిలబడి, నోటరీ ఎదుట, సాక్షుల ముందు గుప్పెడు మట్టి, రాయి చేతిలో పెట్టాలి. ఇదే సేజిన్. నీళ్లలో చేపల హక్కయితే వల, దోనె. మర అయితే దాని తొట్టి, చప్పుడు చెక్క. పొలం మీద ఏటా వచ్చే వడ్డీ హక్కయితే ఒక నాణెం. ఏ వస్తువు చేతిలో పెట్టారో చదివితే కొన్నది పొలమా, చేపల హక్కా, మరా అన్నది తెలిసిపోతుంది. నేల మీదికి వెళ్లి ఇలా అప్పగించే తంతు 1845 దాకా తప్పనిసరి.

1617 చట్టంతో ఈ సేజిన్లని 60 రోజుల్లోపు రిజిస్టరు చేయించాలన్న నియమం వచ్చింది. జిల్లాకో రిజిస్టరు, ఎడిన్‌బరోలో దేశం మొత్తానికి ఒక జనరల్ రిజిస్టరు. రెండు మూడు జిల్లాల్లో భూములున్నవాడు తరచుగా జనరల్ రిజిస్టరుకే వెళ్లేవాడు. అందుకే జిల్లా పుస్తకంలో లేదని వదిలేయకూడదు. 1681 తర్వాత రాయల్ బర్గులు, అంటే రాజు సనదు ఉన్న పట్టణాలు, తమ ఇళ్లకీ స్థలాలకీ వేరే పుస్తకం పెట్టుకున్నాయి. పల్లెలో పొలాలూ పట్టణంలో మేడా ఉన్న వర్తకుడికి మూడు పుస్తకాలూ తిరగేయక తప్పదు. 1781 నుంచి అచ్చు సంగ్రహాలు ఉన్నాయి కాబట్టి అక్కడ మొదలుపెట్టి లింకు పట్టుకుని వెనక్కి రావడం తేలిక.

సేజిన్‌లో నాలుగు చోట్ల ఆగండి. ఎవరి దగ్గర నుంచి, ఏ పత్రాన్ని బట్టి, ఎవరి పేరున, ఏ షరతుతో. భార్య పేరు కలిపి "లైఫ్‌రెంట్" అని రాస్తే అది ఆవిడ జీవితాంతం ఫలసాయం తినడానికే. అసలు హక్కు "ఫియార్"ది, తరచుగా కొడుకుది. ఆవిడ బతికున్నంత వరకు అనుభవించి, తదనంతరం ఫలానా వారికి అని మన సెటిల్‌మెంటు దస్తావేజులు రాసేది ఇదే పద్ధతి. ఇలాంటిది ఏదీ రాయకపోయినా, భర్త సేజిన్ పొందిన భూముల్లో మూడో వంతు మీద విధవకి జీవితకాల అనుభవం ఉండేది. దాని పేరు టర్స్. దాని బదులు ఫలానా ఊరి ఆదాయం అని పెళ్లినాడే ఒప్పందం రాసుకునేవారు. ఆ ఒప్పందం డీడ్స్ రిజిస్టరులో, అంటే ఒప్పంద పత్రాలు నమోదు చేసే పుస్తకంలో, పెళ్లి ఏడాదే ఉంటుందని అనుకోకండి. గొడవ వచ్చినప్పుడో భర్త పోయినప్పుడో తెచ్చి నమోదు చేయిస్తారు. పెళ్లి తర్వాత 20, 30 ఏళ్లు ముందుకి చూడాల్సిందే.

వర్తకుడి ఆస్తిలో అందరూ తప్పుగా చదివేది వాడ్‌సెట్. చూడ్డానికి క్రయదస్తావేజులా ఉంటుంది, సేజిన్ కూడా జరుగుతుంది. నిజానికి అది స్వాధీన తనఖా. అప్పిచ్చినవాడు భూమిలోకి దిగి వడ్డీకి బదులు ఫలసాయం తింటాడు, అసలు కట్టిన రోజున భూమి వెనక్కి ఇస్తాడు. విడిపించుకునే హక్కు "రివర్షన్" అన్న పత్రంలో ఉంటుంది, 1617 తర్వాత అదీ రిజిస్టరు కావాలి. వరసగా పది ఊళ్లు కొన్నట్టు కనిపించే వర్తకుడికి అందులో ఆరు తనఖా ఊళ్లే అయుండొచ్చు. రివర్షన్ ఉందో లేదో చూడనిదే "కొన్నాడు" అని రాయవద్దు.

ఏటా కట్టే "ఫ్యూ డ్యూటీ" కూడా కౌలు కాదు. భూమి శాశ్వతంగా వాడిదే, పైవాడికి, అంటే ఆ భూమి ఇచ్చిన ప్రభువుకి, పెరగని మొత్తం ఒకటి కట్టాల్సి వచ్చేది. 1802 శాశ్వత పరిష్కారం తర్వాత మన జమీందార్లు కట్టిన పేష్కష్ గుర్తుంటే చాలు.

పెద్దకొడుకుదీ మిగతావాళ్లదీ

పంపకాల దస్తావేజు కోసం వెతికితే దొరకదు. ఆ రోజుల్లో భూమి మొత్తం పెద్దకొడుకుది. కొడుకులు లేకపోతే కూతుళ్లందరికీ సమానం. రాజు దగ్గర నుంచి నేరుగా భూమి పొందిన ఇంట్లో అయితే వారసుణ్ణి తేల్చే జ్యూరీ తీర్పు, అంటే "రిటూర్", దొరుకుతుంది. లాటిన్‌లో ఉంటుంది, 1650ల కొన్నేళ్లు తప్ప. అందులో కనిపించే "పాత విలువ, కొత్త విలువ" పన్ను కోసం ఎప్పుడో కట్టినవి. రిజిస్ట్రేషను విలువ చూసి మార్కెట్ ధర చెప్పలేనట్టే వీటిని చూసి ఆస్తి ఖరీదు చెప్పలేం. రిటూర్ తేదీ చావు తేదీ కాదు, ఏళ్లు గడిచాక కూడా తీసుకునేవారు. పైన వేరే ప్రభువు ఉన్న భూమికి ఆ ప్రభువే వారసుణ్ణి ఒప్పుకుంటూ ఆజ్ఞాపత్రం ఇస్తే సరిపోయేది. కనుక రిటూర్ లేదంటే భూమి లేదని కాదు.

స్వార్జితం, పిత్రార్జితం తేడా మనకి బాగా తెలుసు. అక్కడ అది ఇంకో మెలిక తిరిగింది. ముగ్గురన్నదమ్ముల్లో నడిమివాడు పిల్లలు లేకుండా పోతే తండ్రి నుంచి వచ్చిన భూమి తమ్ముడికి దిగుతుంది, సొంతంగా కొన్నది అన్నకి ఎక్కుతుంది. 1874 దాకా ఇదే చట్టం. వర్తకుడి భూమి ఎక్కువ భాగం కొన్నదే కాబట్టి తమ్ముడికి పోవాల్సింది అన్న పేరున కనిపిస్తే గుమస్తా తప్పు అనుకోకండి.

చరాస్తి కథ టెస్టమెంట్లలో, అంటే పోయినవాడి సొమ్మూ సామాను లెక్కతో కోర్టులో నమోదైన కాగితాల్లో, ఉంటుంది. 1868 దాకా వీలునామాతో భూమి ఇవ్వడం కుదరదు కనుక అందులో పొలాలు వెతకడం దండగ. సరుకు, పశువులు, గాదెలో ధాన్యం, ఇంటి సామాను, రావలసినవి, ఇవ్వవలసినవి ఉంటాయి. అప్పులు పోగా మిగిలినది మూడు భాగాలు: భార్యకి ఒకటి, పిల్లలకి ఒకటి, పోయినవాడు తనిష్టం వచ్చినట్టు రాసుకునేది ఒకటి. భార్య గానీ పిల్లలు గానీ లేకపోతే రెండే భాగాలు. కాబట్టి లెక్క ఎన్ని భాగాలుగా కోశారో చూస్తే ఆ రోజుకి ఇంట్లో ఎవరున్నారో తెలుస్తుంది. భూమి పుచ్చుకున్న పెద్దకొడుక్కి మామూలుగా పిల్లల భాగంలో వాటా లేదు. చిన్నకొడుకుల పేర్లకి ఇదే చోటు. వ్యాపారంలోకో, సముద్రం దాటి కొలువులకో పోయింది వాళ్లే. విదేశంలో పోయినవాడి టెస్టమెంట్ ఎడిన్‌బరో కమిసరీ కోర్టులో, అంటే టెస్టమెంట్లు నమోదు చేసే కోర్టులో, వెతకండి.

ఒక గుంట ఉంది, జాగ్రత్త. 1600ల తొలి సగంలో వడ్డీ పత్రాలు వారసత్వానికి భూమి కిందే లెక్క. లక్షలు అప్పులిచ్చిన వర్తకుడి టెస్టమెంట్ చప్పగా కనిపించేది అందుకే. 1661 చట్టం వాటిని చరాస్తిలోకి తెచ్చింది, అప్పుడూ భార్య భాగంలోకి మాత్రం రానివ్వలేదు.

డబ్బూ కొలతలూ

1603 తర్వాత 12 స్కాట్లాండు పౌండ్లు ఒక ఇంగ్లీషు పౌండు. మెర్క్ అంటే స్కాట్లాండు పౌండులో మూడింట రెండు వంతులు. 12,000 మెర్కులు 8,000 స్కాట్లాండు పౌండ్లు, ఇంగ్లీషు లెక్కలో 666 పౌండ్ల 13 షిల్లింగుల 4 పెన్నీలు. ఏ పౌండో రాయకుండా అంకె ఎత్తి రాసుకుంటే ఆస్తి పన్నెండింతలు ఉబ్బుతుంది.

"ఆక్స్‌గేట్" పేరుకి 13 స్కాట్లాండు ఎకరాలు, ఒక్కో ఎకరం మన ఎకరా 26 సెంట్లకి దగ్గర. ఎనిమిది ఆక్స్‌గేట్లు ఒక "ప్లౌగేట్", అంటే సుమారు 131 ఎకరాలు. ఇవి కూడా గొలుసు పట్టి కొలిచినవి కావు, ఎడ్ల లెక్క. మనవాళ్లు అరకల్లో చెప్పినట్టే అనుకోండి. ధాన్యానికి 4 ఫర్లాట్లు ఒక బోల్, 16 బోల్లు ఒక చాల్డర్. పుట్టికి 20 తూములు, తూముకి 4 కుంచాలు అన్నంత సూటిగా కనిపిస్తుంది గానీ, గోధుమ ఫర్లాటు కన్నా ఓట్స్, బార్లీ కొలిచే ఫర్లాటు పెద్దది. గింజ పేరు లేకుండా కొలత రాయవద్దు.

తేదీల్లో స్కాట్లాండు 1600 నుంచే జనవరి 1కి ఏడాది మార్చింది, ఇంగ్లండు 1752 దాకా మార్చి 25నే నిలిచింది. లండన్ కాగితంలో 1640 ఫిబ్రవరి అంటే ఎడిన్‌బరో కాగితంలో 1641 ఫిబ్రవరి. శిస్తులు వసూలయ్యేది విట్‌సండేకి, మార్టిన్‌మాస్‌కి, అంటే మే 15, నవంబరు 11.

అన్నీ పోగయ్యాక ఏళ్ల వరసలో ఒకే పేజీ గీయండి: ఎడమన భూమి, కుడిన సొమ్ము, మధ్యలో మనుషులు. భూమి గడిలో కొన్నది, తనఖా, జీవితకాల అనుభవం అని మూడు రంగులు వాడండి. సొమ్ము గడిలో రావలసిన అప్పు పక్కన ఎవరి దగ్గర్నుంచి అన్నది తప్పక రాయండి. క్రెయిగీవార్ కోట 1626లో పూర్తయింది, మరుసటి ఏడాదే ఫోర్బ్స్ పోయాడు, 1630లో కొడుక్కి బారనెట్ బిరుదు దక్కింది. అక్కడ పేజీ రెండు వైపులా సరితూగుతుంది. బ్రెయిడ్ భూస్వామి, ఎడిన్‌బరో ప్రొవోస్ట్ (నగర పెద్ద) సర్ విలియం డిక్ పేజీ అలా ఉండదు. రాజుకీ, రాజు మీద తిరగబడ్డ వాళ్లకీ కూడా అప్పులిచ్చాడు, అవి తిరిగి రాలేదు, 1655లో వెస్ట్‌మిన్‌స్టర్‌లో దివాలా తీసి పోయాడు. అలాంటి బాకీలని ఆస్తి మొత్తంలో కలపకుండా "వసూలు కానిది" అని వేరే వరసలో దించండి.