శివారు పొలాల్లో ఊడ్పులకు ముందు ఉప్పు సంగతి

దివిసీమలో కోడూరు, నాగాయలంక వైపు శివారు పొలాలకు కాలువ నీరు ఆలస్యంగా వస్తుంది. వచ్చిందే చాలని దమ్ము పట్టి (నీటిలో దున్ని బురద చేసి) నాట్లేసేస్తాం. పది పదిహేను రోజులకు ఆకుల కొసలు తెల్లబడి ఎండుతాయి, మడిలో అక్కడక్కడా బోసి మచ్చలు పడతాయి. నత్రజని చాల్లేదేమోనని యూరియా చల్లుతాం. ఉప్పు దెబ్బని తెలిసేసరికి అదును దాటిపోతుంది.

ముందు మీది ఏ చౌడో తేల్చుకోండి. ఎండాకాలంలో నేల మీద తెల్లగా ఉప్పు పూస్తే పాలచౌడు. నీరు ఇంకక, తడిస్తే జిడ్డుగా, ఎండితే రాయిలా ఉంటే కారుచౌడు. పరీక్షలో దాని ఉదజని సూచిక (పీహెచ్) 8.5 దాటుతుంది. జిప్సం పనికొచ్చేది కారుచౌడుకే. తెలియక నేను ఒక ఏడాది పాలచౌడులో బస్తాలకు బస్తాలు గుమ్మరించాను, డబ్బు దండగ.

పాలచౌడుకు కావాల్సింది మంచినీరు, ఆ నీరు బయటికి పోయే దారి. ముందుగా మురుగు బోదెలు బాగుచేసుకోండి. గట్లు గట్టిపరచి వాన నీరో కాలువ నీరో నిలబెట్టి, దమ్ము చేసి, ఒకటి రెండు రోజులుంచి తీసేయండి. ఇలా రెండు మూడు సార్లు. తీసిన నీరు మురుగు కాలువలోకే పోవాలి, పక్కవాళ్ల మడిలోకి కాదు (తగాదాలన్నీ ఇక్కడే). సముద్రం పోటు మీదున్నప్పుడు తూము తెరిస్తే ఉప్పునీరే వెనక్కి తంతుంది. పక్కన రొయ్యల చెరువుంటే గట్టు వెంబడి లోతుగా బోదె తీయండి, ఊట అందులోకి దిగుతుంది.

నీళ్లు నోట్లో పోసుకుని ఉప్పు చూడడం పాత అలవాటు. నాలుకకు తెలిసేపాటికి వరికి ఎక్కువే అయిపోతుంది. మట్టి పరీక్షలో ఈసీ (నేలలో ఉప్పు ఎంతుందో చెప్పే అంకె, డెసీసీమెన్/మీటరు లెక్కన) 3 దాటితే దిగుబడి పడిపోవడం మొదలవుతుంది, ఆపైన ఒక్కో అంకెకూ సుమారు 12 శాతం తగ్గుతుంది.

వరి మొలకెత్తేటప్పుడు ఉప్పును బాగానే ఓర్చుకుంటుంది, లేత నారుగా ఉన్నప్పుడు ఓర్చుకోలేదు. అందుకే నారుమడి మంచి నేలలో పోసి, 30 రోజులు దాటిన ముదురు నారు నాటండి. కుదురుకు నాలుగైదు మొక్కలు, కాస్త దగ్గరగా. రకాల్లో మచిలీపట్నం ఎంసీఎం 100 లాంటివి ఓర్చుకుంటాయి. నీరు ముందే అందితే పచ్చిరొట్ట ఎరువుకు జీలుగ చల్లి పూతకు ముందు కలియదున్నండి. ఆఖరి దమ్ములో ఎకరానికి 20 కిలోల జింకు సల్ఫేటు వేయండి, డీఏపీతో మాత్రం కలపొద్దు.

నాటాక మడి ఎండి నెర్రెలిస్తే అడుగు ఉప్పు పైకొస్తుంది. పొట్ట దశ నుంచి పూత అయ్యేదాకా వరి మళ్లీ లేత నారంత సుకుమారం. వంతు నీరు అందినప్పుడల్లా పాత నీరు తీసి కొత్త నీరు పెట్టండి.