హేల్ వుడ్రఫ్ బొమ్మ చూసి లినోకట్ చెక్కడం

లినోకట్ అంటే లినోలియం పలకను ఉలితో చెక్కి, సిరా పూసి, కాగితం మీద అచ్చు తీయడం. అది నేర్చుకుంటామని వచ్చేవాళ్ళ చేతికి నేను ముందుగా ఉలి ఇవ్వను. అమెరికా నల్లజాతి చిత్రకారుడు హేల్ వుడ్రఫ్ 1935 ప్రాంతంలో చేసిన 'గిడాప్' బొమ్మను ముందు పెడతాను. బండి మీద నిలబడిన మనిషి, మెడకు ఉచ్చు, చుట్టూ మూక. అమెరికాలో మూకలు నల్లవారిని చెట్లకు ఉరితీసే ఘోరాలపై 1935లో న్యూయార్క్‌లో పెట్టిన ప్రదర్శనకు వెళ్ళిన బొమ్మ అది. "నల్లగీతలు ఎంత బాగా గీశాడో!" అంటారు చాలామంది. ఆయన చెక్కింది తెలుపును. నలుపు ముందే ఉంది, చెక్కని చోటే సిరా అంటుకుంటుంది కాబట్టి.

అందుకే పెన్సిల్ పక్కన పెట్టండి. నల్లకాగితం మీద తెల్లసుద్దతో వెలుగుపడిన చోట్లు మాత్రమే గీయండి. ముఖంలో సగం చీకట్లో కలిసిపోతే పోనివ్వండి.

ఏం గీయాలంటారా? వీధి చివరికి వెళ్ళండి. 1931లో ప్యారిస్ నుంచి అట్లాంటాకు పంతులుగా వచ్చిన వుడ్రఫ్, శిష్యులతో చుట్టుపక్కల పేదవాడలనే గీయించారు. బొమ్మల్లో ఇళ్ళ వెనుక మరుగుదొడ్లు తరచూ కనిపించడంతో వాళ్ళకు 'ఔట్‌హౌస్ స్కూల్' అని పేరు పడింది. నాకైతే అంతకన్నా మంచి బిరుదు లేదు.

బొమ్మను పలుచని కాగితం మీదకు ఎత్తి, తిరగేసి లినో మీద దించండి. అచ్చులో కుడిఎడమలు తారుమారవుతాయి కాబట్టి అక్షరాలుంటే మరీ జాగ్రత్త. లినో బిరుసుగా ఉంటే కాసేపు ఎండలో పెట్టండి, వెన్నలా తెగుతుంది. ఉలిని ఎప్పుడూ మీకు అవతలికే నెట్టాలి, రెండో చేయి దాని దారిలో ఉండకూడదు. వంపు వచ్చినప్పుడు ఉలిని కాక లినోను తిప్పండి. గాడి అంచులు బయటికి వాలుగా ఉండాలి. లోపలికి తొలిస్తే సన్నగీతలు అచ్చు ఒత్తిడికి విరిగిపోతాయి. అడుగునున్న గోనెగుడ్డ బయటపడేంత లోతు అక్కర్లేదు.

ముద్రించడానికి యంత్రం లేకపోయినా ఫరవాలేదు. రోలర్‌తో సిరాను పలుచగా పరిచి, పలుచని కాగితం వేసి, చెంచా వెనుకభాగంతో మధ్య నుంచి అంచులకు రుద్దండి. ఒక మూల ఎత్తి చూడండి. వెలిసినట్టుంటే కాగితం కదలకుండా దించి మళ్ళీ రుద్దండి.

ఇక గోడబొమ్మలు వేయాలనే ఉబలాటం ఉన్నవాళ్ళకు ఒక మాట. వుడ్రఫ్ 1936లో మెక్సికో వెళ్ళి గోడచిత్రాల దిట్ట డియేగో రివేరా దగ్గర పనిచేశారు. తర్వాత అలబామాలోని టల్లడేగా కళాశాల గ్రంథాలయానికి ఆఫ్రికా బందీలను మోసుకెళ్ళిన ఆమిస్టాడ్ అనే ఓడ కథను మూడు పెద్ద చిత్రాలుగా వేశారు: బందీల తిరుగుబాటు, న్యాయస్థానంలో విచారణ, స్వదేశానికి తిరిగిరాక. మూడో దానిలో తన ముఖాన్నీ ఇరికించారు! అవి నేరుగా గోడ మీద వేసినవి కావు, కాన్వాసు మీద నూనెరంగులు. అందుకే దశాబ్దాల తర్వాత వాటిని దించి, బాగుచేసి, ఊళ్ళు తిప్పి చూపించగలిగారు. మీరూ బడిగోడకు వేసేటప్పుడు సున్నం మీద నేరుగా వేయకుండా కాన్వాసు అడగండి. కథను మూడు ముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్కను ముందు చిన్న లినోగా చెక్కి చూసుకోండి. వెలుగు ఎక్కడ పడాలో అక్కడే తేలిపోతుంది.

వుడ్రఫ్ 1946 నుంచి న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో బోధించారు. మన చిత్తూరు జిల్లా కృష్ణారెడ్డి కూడా తరువాతి కాలంలో అక్కడే ప్రింట్‌మేకింగ్ నేర్పారు. ఆయనది లోహపు పలకల మీద రంగుల విద్య, దానికి వేరే పాఠం కావాలి.

అచ్చులు ఆరాక కింద పెన్సిల్‌తో వరుస సంఖ్య, సంతకం పెట్టండి. రోలర్‌ను మాత్రం ఆ రోజే కడగండి.