సేవాసంస్థకు మూడేళ్ల ప్రణాళిక - 4వ పాఠం: గెలుపును దేనితో కొలవాలి?

కిందటి పాఠంలో మన డిమెన్షియా (వయసుతో ముదిరే మతిమరుపు జబ్బు) సంస్థ ఆశయాన్ని రెండు వాక్యాల్లో రాసుకున్నాం. ఇప్పుడు లెక్కల్లోకి దిగుదాం.

ముందు అవసరం ఎంతో చూడాలి. మన దేశంలో 60 ఏళ్లు దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వెలువడిన లాసీ-డాడ్ అనే దేశవ్యాప్త డిమెన్షియా అధ్యయనం అంచనా. విశాఖ మొత్తాన్నీ నెత్తిన వేసుకోకండి. గాజువాకో, ఎంవీపీ కాలనీయో ఒక్కచోటు పట్టుకోండి. అక్కడ 60 దాటినవారు 5,000 మంది ఉన్నారనుకుంటే, సుమారు 370 మంది లెక్కకొస్తారు. వయసు పైబడేకొద్దీ ఈ శాతం పెరుగుతుంది కాబట్టి, ఎప్పుడో రిటైరైనవాళ్లు ఎక్కువగా ఉన్న కాలనీలో ఇంకా ఎక్కువే ఉంటారు. ఆసుపత్రి రికార్డులు చూసి అవసరాన్ని అంచనా కట్టొద్దు. చాదస్తం అని ఇంట్లోనే సరిపెట్టుకునేవాళ్లు ఆ కాగితాల్లో కనబడరు.

తర్వాత మన బలం. కమిటీలో ఎవరో ఒకరు "భీమిలి రోడ్డులో స్థలం ఉంది, యాభై పడకల హోమ్ కట్టేద్దాం" అంటారు. తప్పకుండా అంటారు. అప్పుడు ఈ లెక్క ముందు పెట్టండి: వారానికి 168 గంటలు. ఒక ఆయా వారానికి 48 గంటలు పనిచేస్తే, రాత్రీపగలూ ఒక్క మనిషి మంచం పక్కన ఉండాలంటే సెలవులతో కలిపి కనీసం నలుగురు ఆయాలు కావాలి. అదే డిమెన్షియా ఉన్న ఆరుగురు పెద్దవాళ్లకు ఒక డే కేర్ పెట్టి, ఉదయం పది నుంచి నాలుగు దాకా, వారానికి ఐదు రోజులు నడిపితే, ఆ ఆరు కుటుంబాలకు కలిపి వారానికి 180 గంటల వెసులుబాటు దొరుకుతుంది. నాలుగుకే ముగించడానికి కారణం ఉంది. డిమెన్షియా ఉన్న చాలామందికి పొద్దు వాలేసరికి కంగారు, చిరాకు పెరుగుతాయి. ఆ వేళకు తెలిసిన ఇంట్లో ఉండటమే మంచిది. పెందుర్తి నుంచి బీచ్ రోడ్డుకు అంత దూరం వ్యాన్‌లో తిప్పే ఆలోచన కూడా అందుకే మానుకోండి, ఇల్లు చేరేసరికి పొద్దు వాలిపోతుంది.

అసలు చిక్కు ఇక్కడుంది. కంటి ఆసుపత్రి ట్రస్టు ఇన్ని ఆపరేషన్లు చేశాం, ఇంతమందికి చూపొచ్చింది అని చెప్పుకోగలదు. మనం చెప్పుకోలేం. డిమెన్షియాకు ముఖ్య కారణమైన అల్జీమర్స్‌ను నయం చేసే మందు లేదు. మన దగ్గరికొచ్చే మనిషి ఏడాది తిరిగేసరికి ఇంకా మరిచిపోతాడు. అది మన వైఫల్యం కాదు. కానీ ప్రణాళికలో "సభ్యుల జ్ఞాపకశక్తి మెరుగుపరచడం" అని రాసుకుంటే, వైఫల్యంగానే కనిపిస్తుంది. నిధులిచ్చే కంపెనీ సీఎస్‌ఆర్ (సామాజిక బాధ్యత) అధికారి "ఎంతమంది బాగయ్యారు?" అని అడిగితే నీళ్లు నమలాల్సి వస్తుంది.

అందుకని కొలతను, జబ్బు మనిషిని ఇంట్లో చూసుకునేవారి వైపు తిప్పండి. ఆ కోడలికో, డెబ్భై ఏళ్ల భార్యకో నెలలో ఎన్ని గంటలు ఖాళీ దొరికింది? ఆమె తన బీపీ, షుగర్ పరీక్షలు చేయించుకుందా? ఇంటి పెద్ద దారి తప్పితే ఏం చేయాలో ముందే రాసిపెట్టుకున్నారా? ప్రపంచ అల్జీమర్స్ దినమైన సెప్టెంబర్ 21న ఆర్కే బీచ్‌లో టీషర్టులేసుకుని నడవండి, నాకేం అభ్యంతరం లేదు. ఎంతమంది నడిచారన్నది మాత్రం ఫలితాల కింద రాయకండి.

జబ్బు ముదురుతుంది కాబట్టి ప్రణాళికకు కూడా మెట్లుండాలి. నడవగలిగినంతకాలం డే కేర్. రాలేని స్థితిలో ఇంటికి వెళ్లే ఆయా. మంచాన పడ్డాక పుండ్లు పడకుండా, పొలమారకుండా చూసుకోవడం ఇంట్లోవాళ్లకు నేర్పించడం. ప్రతి మెట్టు దగ్గరా మీరు చేసేదేమిటో, చేయలేనిదేమిటో, చేయలేనిదానికి ఎవరి దగ్గరికి పంపుతారో రాయండి. మతిభ్రమలూ తీవ్రమైన ఆందోళనా ఉంటే చినవాల్తేరు మానసిక ఆసుపత్రికి, నరాల పరీక్షలకు కింగ్ జార్జ్ ఆసుపత్రికి (కేజీహెచ్). వృద్ధుల హెల్ప్‌లైన్ 14567 అందరికీ ఇవ్వండి.

ఇంటిపని: మీ ప్రాంతంలో ఇలాంటి మనిషిని చూసుకుంటున్న ఐదు కుటుంబాలను కలవండి. "మీకేం కావాలి?" అని అడక్కండి, మొహమాటంతో ఏమీ వద్దంటారు. నిన్న పొద్దున్నించి రాత్రి దాకా ఏం చేశారో గంటగంటకూ చెప్పించుకుని రాసుకోండి. వచ్చే పాఠంలో ఆదాయపు పన్ను మినహాయింపు దరఖాస్తులు, కంపెనీల సీఎస్‌ఆర్ నిధులు అందుకోవడానికి పెట్టే సీఎస్‌ఆర్-1 దరఖాస్తు చూస్తాం. ఈ ఐదు కాగితాలు దగ్గర పెట్టుకుని రండి, బడ్జెట్ వాటిమీదే కడతాం.