లిపి చూసి భాష పట్టడం ఎలా: కరెన్సీ నోటు నుంచి ఖర్జూరం ప్యాకెట్ దాకా

జేబులో ఏ నోటున్నా తీసి వెనక్కి తిప్పండి. నిలువుగా ఒక చిన్న పట్టీ కనిపిస్తుంది. అందులో నోటు విలువ 15 భాషల్లో రాసి ఉంటుంది. వరుస ఇంగ్లిష్ అక్షరక్రమంలో ఉంటుంది కాబట్టి అస్సామీతో మొదలై ఉర్దూతో ముగుస్తుంది. మన తెలుగు 14వది. భాషలు 15 ఉన్నా లిపులు మాత్రం పదే. ముందు లిపిని పట్టుకోవాలి, ఆ తర్వాత ఆ లిపి వాడే భాషల్లో ఇది ఏదో తేల్చాలి. రెండూ ఒక్కసారే చేయబోతే తప్పు పోతుంది. చార్మినార్ దగ్గర కనిపించిన ప్రతి ఉర్దూ బోర్డునూ ‘అరబిక్’ అనేయడం అలాంటి తప్పే.

ముందు దూరం నుంచి చూడండి

అక్షరాల జోలికి పోకముందే పేజీ మొత్తాన్ని ఒకసారి చూడండి. మొదట పేరా చివరి వరుస. అది కుడి అంచున మొదలై ఎడమ పక్క ఖాళీ వదిలితే రాత కుడి నుంచి ఎడమకు సాగుతోందన్నమాట. అంటే అరబిక్ కుటుంబమో, హీబ్రూనో. అక్షరాలు ఒకదానికొకటి కలిసిపోతే అరబిక్ లిపి, పలకల్లా దేనికది విడిగా నిలబడితే హీబ్రూ.

తర్వాత పదాల మధ్య ఖాళీలు. థాయ్, లావో, ఖ్మేర్ (కంబోడియా భాష), బర్మీస్, చైనీస్, జపనీస్ రాతల్లో మనలాగా పదానికీ పదానికీ మధ్య ఖాళీ ఉండదు. కొరియన్‌లో ఉంటుంది.

మూడోది వాక్యం ముగిసే గుర్తు. దీన్ని చాలామంది పట్టించుకోరు కానీ ఇంత నమ్మకమైన ఆనవాలు ఇంకోటి లేదు. హిందీ, బెంగాలీ రాతల్లో నిలువు గీత. ఉర్దూలో చిన్న అడ్డగీత. చైనీస్, జపనీస్‌లలో బుల్లి సున్న. బర్మీస్‌లో రెండు చిన్న నిలువు గీతలు. ఇథియోపియా భాష అమ్హారిక్‌లో నాలుగు చుక్కలు. ఆర్మేనియన్‌లో ఒకదాని మీద ఒకటి రెండు చుక్కలు.

మన ఇరుగుపొరుగు లిపులు

తెలుగువాళ్లకు కన్నడం సగం చదవవస్తుంది, చిక్కంతా అక్కడే. ఇమ్లీబన్ బస్టాండులో కర్ణాటక బస్సు బోర్డు చూసినప్పుడు రెండు చోట్ల చూపు పెట్టండి. మన తలకట్టు టిక్కు పెట్టినట్టు పైకి లేస్తుంది, కన్నడ తలకట్టు అడ్డంగా పరుచుకుని కుడి కొసన వంకర తిరుగుతుంది. రెండోది ఇంకా గట్టి గుర్తు. కీ, కే, కో అని రాసేటప్పుడు మన దీర్ఘం అక్షరం నెత్తిమీదే ఉంటుంది. కన్నడంలో ఆ దీర్ఘం అక్షరానికి కుడివైపున వేరే గుర్తుగా వరుసలో నిలబడుతుంది. ఇది ఒక్కటి దొరికినా కన్నడమని ధైర్యంగా చెప్పవచ్చు.

తమిళంలో ట, ప, మ అక్షరాలకు నిక్కమైన మూలలుంటాయి. పొల్లు అక్షరాల మీద చుక్క ఉంటుంది, ఒత్తులు దాదాపు కనబడవు. మలయాళంలో మూలలు తక్కువ, గుర్రపు నాడాల్లాంటి వంపులు గొలుసులా సాగుతాయి. ఒడియాలో ఇంచుమించు ప్రతి అక్షరం మీదా గొడుగు ఉంటుంది. తాటాకు మీద గంటంతో అడ్డగీత గీస్తే ఆకు చీలుతుంది కాబట్టి ఆ గీత వంపు తిరిగిందని చెబుతారు.

అక్షరాల నెత్తిన గీత ఉంటే దేవనాగరి, బెంగాలీ, గురుముఖి మూడింట్లో ఒకటి. గీత కింద పదునైన త్రికోణాలు కనిపిస్తే బెంగాలీ. ఒత్తులు చాలా అరుదుగా వచ్చి, ద్విత్వం రావాల్సిన చోట అక్షరం మీద చిన్న గిన్నెలాంటి గుర్తు ఉంటే గురుముఖి, అంటే పంజాబీ. దేవనాగరి నుంచి గీత తీసేసినట్టుంటే గుజరాతీ.

దేవనాగరి అనగానే హిందీ అనుకోవద్దు. నోటు పట్టీలోనే కొంకణి, మరాఠీ, నేపాలీ, సంస్కృతం నాలుగూ ఆ లిపిలోనే ఉన్నాయి. ‘ళ’ వెతకండి. రెండు సున్నాలు పక్కపక్కన కలిసినట్టుండే ఆ అక్షరం మామూలు హిందీలో ఉండదు, మరాఠీలో తరచూ వస్తుంది. అక్షరం కింద చుక్క పెట్టిన డ, ఢ కనిపిస్తే హిందీ వైపు మొగ్గండి. మరాఠీ వాక్యం చాలాసార్లు ‘ఆహే’తో, కొంకణి ‘ఆసా’తో, నేపాలీ ‘ఛ’తో ముగుస్తాయి. విసర్గలూ పొల్లులూ సమాసాలూ దట్టంగా ఉంటే సంస్కృతం.

ఉర్దూ, ఫార్సీ, అరబిక్: ఖర్జూరం ప్యాకెట్ పాఠం

హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు ఇది అందరికంటే ఎక్కువ పనికొచ్చే భాగం. ఉర్దూ తెలంగాణలో రెండో అధికార భాష, బోర్డుల మీద రోజూ కనిపిస్తుంది. రంజాన్ వచ్చిందంటే బేగంబజార్‌లో ఇరాన్, సౌదీ ఖర్జూరాల పెట్టెలు పక్కపక్కనే ఉంటాయి. సాలార్‌జంగ్ మ్యూజియంలో ఈ మూడు భాషల రాతప్రతులూ ఉన్నాయి.

మొదట ఉర్దూ అవునో కాదో తేల్చండి. ట, డ, గట్టి డ శబ్దాల కోసం ఉర్దూ అక్షరాల మీద చుక్కలకు బదులు ‘తోయ్’ అక్షరాన్ని చిన్నది చేసి పెడతారు. నిలువు పుల్లకు కింద చిన్న ఉచ్చులా ఉంటుంది. అది అరబిక్‌లోనూ ఫార్సీలోనూ లేదు. పదం చివర తోక వెనక్కి, కుడివైపుకు, పొడవుగా సాగితే అది ‘బడీ యే’. అదీ ఉర్దూ గుర్తే.

ఇవేవీ కనిపించకపోతే అక్షరం కింద మూడు చుక్కలు వెతకండి. అరబిక్‌లో మూడు చుక్కలు అక్షరం పైనే వస్తాయి. ‘పే’ కింద, ‘చే’ పొట్టలో మూడేసి చుక్కలున్నా, ‘గాఫ్’ మీద జంట వాలుగీతలున్నా ఫార్సీ అనుకోండి. అవి ఉర్దూలోనూ ఉంటాయి కాబట్టే ముందు ఉర్దూను తేల్చుకోమన్నది. అరబిక్‌కు రెండు ఆనవాళ్లు: చాలా పదాల ముందు ‘అలిఫ్ లామ్’ అనే రెండు నిలువు పుల్లలు, పదాల చివర రెండు చుక్కల గుండ్రటి ‘తే’.

ఇప్పుడు ప్యాకెట్ చేతిలోకి తీసుకోండి. ఖర్జూరాన్ని అరబిక్‌లో ‘తమర్’ అంటారు. మూడే అక్షరాలు, మొదటిదాని మీద రెండు చుక్కలు. ఫార్సీలో ‘ఖుర్మా’. నాలుగు అక్షరాలు, మొదటిదాని మీద ఒకే చుక్క, చివర నిలువు పుల్ల.

గడువు తేదీ దగ్గర మాత్రం జాగ్రత్త. అరబిక్ అంకెల్లో గుండ్రటి వలయం 5, చుక్క సున్న. మన కంటికి వలయం సున్నలా కనిపిస్తుంది కాబట్టి 2025 అని ఉన్నది తారుమారుగా చదివేస్తాం. మన 7లాంటిది 6, ఇంగ్లిష్ ‘వి’ లాంటిది 7, ఆ ‘వి’ని బోర్లిస్తే 8. ఫార్సీలో 4, 5, 6 అంకెల రూపం మారుతుంది, 5 తలకిందులైన గుండె ఆకారంలో ఉంటుంది. పైగా ఇరాన్ ప్యాకెట్ మీద సంవత్సరం 1404 అని ఉంటే కంగారుపడనక్కర్లేదు, అది వాళ్ల సౌర సంవత్సరం. 621 కలిపితే 2025. వాళ్ల ఏడాది మార్చిలో మొదలవుతుంది కాబట్టి జనవరి నుంచి మార్చి మూడో వారం దాకా ఉన్న తేదీలకు 622 కలపాలి.

ఒక హెచ్చరిక. ఉర్దూ వరుస మెట్లు దిగినట్టు ఏటవాలుగా ఉంటుందనీ, అరబిక్ సమంగా ఉంటుందనీ చాలామంది చెబుతారు. అచ్చు పుస్తకానికి అది సరే. కానీ ఎన్నో ఫోన్లలో, వెబ్ పేజీల్లో ఉర్దూను కూడా అరబిక్ తరహా ఫాంటులోనే చూపిస్తారు, ఏటవాలు పోతుంది. వాలును కాదు, అక్షరాలను నమ్మండి.

తూర్పు ఆసియా

ఇది సులువు. సున్నాలూ నిలువు, అడ్డ గీతలూ కలిసి చిన్న చిన్న గదులుగా ఉంటే కొరియన్. రాజు సెజోంగ్ 1446లో ప్రకటించిన లిపి ఇది. దట్టమైన చదరపు అక్షరాల మధ్య తేలికైన వంపు అక్షరాలు దూరితే జపనీస్, అన్నీ దట్టంగానే ఉంటే చైనీస్. థాయ్ అక్షరాలకు చిన్న ఉంగరంలాంటి మొదలు ఉంటుంది. బర్మీస్‌లో వలయాలు తలో దిక్కూ తెరుచుకుని ఉంటాయి.

ఇంగ్లిష్ అక్షరాల్లా కనిపించేవి

లాటిన్ లిపిలో లిపిని చూసి ఏమీ తేలదు. అక్షరాల మీదా కిందా ఉన్న గుర్తులే ఆధారం. హైటెక్ సిటీ ఐకియాలో కొన్న సామాను వెంట వచ్చే జాగ్రత్తల కాగితం పారేయకండి, ఒకే మాట చాలా భాషల్లో ఉంటుంది, సాధనకు బాగుంటుంది. చుక్క లేని ‘ఐ’ ఉంటే టర్కిష్. దాంతోపాటు తలకిందులైన ‘ఈ’ కూడా ఉంటే అజర్‌బైజానీ. ‘ఎల్’ మీద అడ్డంగా కొట్టేసిన గీత పోలిష్. ‘ఆర్’ మీద చిన్న కొక్కెం చెక్. ‘ఓ’, ‘యు’ మీద జంట వాలుగీతలు హంగేరియన్. ప్రశ్న ముందు తలకిందులైన ప్రశ్నార్థకం స్పానిష్. ‘ఏ’, ‘ఓ’ మీద అల పోర్చుగీస్. వాక్యం మధ్యలో నామవాచకాలన్నీ పెద్ద అక్షరంతో మొదలైతే జర్మన్. ‘ఏ’ మీద ఉంగరం ఉంటే స్కాండినేవియా వైపు వెళ్లండి. ‘ఓ’ మీద రెండు చుక్కలైతే స్వీడిష్, కొట్టేసిన గీత అయితే డేనిష్ లేదా నార్వేజియన్. ఒకే అచ్చు మీద రెండు గుర్తులు పేరుకుని, పదాలన్నీ పొట్టిగా ఉంటే వియత్నామీస్.

రష్యన్ లిపి కనిపించినప్పుడు కూడా ఇదే పద్ధతి. రెండు చుక్కల ‘ఐ’ కనిపిస్తే ముందు ఉక్రేనియన్ అనుకోండి. ‘వై’ లాంటి అక్షరం నెత్తిన గిన్నె ఉంటే బెలారుసియన్. ఇంగ్లిష్ ‘జె’ కనిపిస్తే ముందు సెర్బియన్ అనుకోండి.

మన దగ్గర మాత్రమే ఎదురయ్యే ఒక ఉచ్చు ఉంది. డీటీపీ షాపులో అను ఫాంటులో కొట్టిన తెలుగును ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే గుర్తులు పెట్టిన లాటిన్ అక్షరాలు వస్తాయి. చూడగానే ఏదో యూరప్ భాష అనిపిస్తుంది. పదం నడుమ ప్లస్సులూ వాలుగీతలూ బ్రాకెట్లూ కలిసిపోయి ఉంటే అది ఏ భాషా కాదు, దారి తప్పిన తెలుగు. యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్‌లో పెట్టండి.

ఎప్పుడు తేల్చి చెప్పాలి

ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు ఆనవాళ్లు దొరికే దాకా పేరు చెప్పకండి. గుర్తు కనిపించడం సాక్ష్యమే కానీ, నాలుగు పదాల బోర్డులో కనిపించకపోవడం సాక్ష్యం కాదు. కంపెనీ పేర్లనూ మనుషుల పేర్లనూ లెక్కలోకి తీసుకోవద్దు, అవి ఏ భాషలోనైనా అలాగే ఉంటాయి. మన స్తోత్రాల పుస్తకం తెలుగు లిపిలోనే ఉంటుంది, భాష మాత్రం సంస్కృతం. ఇలాంటివి బయటి భాషల్లోనూ ఉన్నాయి. పంజాబీని ఇక్కడ గురుముఖిలో రాస్తే పాకిస్తాన్‌లో అరబిక్ కుటుంబపు లిపిలో రాస్తారు.

సాధన మళ్లీ నోటు మీదే చేయండి. పట్టీని వేలితో మూసి ఒక్కో వరుసా తెరుస్తూ భాష పేరు చెప్పండి. 5వ, 15వ వరుసలు రెండూ కుడి నుంచి మొదలవుతాయి, మొదటిది కాశ్మీరీ, రెండోది ఉర్దూ. అందరూ తడబడేది పట్టీలో మొట్టమొదటి రెండు వరుసల దగ్గర, ఎందుకంటే అస్సామీ, బెంగాలీలది ఒకటే లిపి. మామూలు పాఠంలో ‘ర’ చూస్తే చాలు: బెంగాలీలో కింద చుక్క, అస్సామీలో లోపల ఏటవాలు గీత. నోటు మీద ఆ ‘ర’ దొరకకపోతే రూపాయి అనే మాట చూడండి. బెంగాలీలో అది ‘టాకా’, ఆకారానికి గుర్తైన నిలువు పుల్ల రెండుసార్లు వస్తుంది. అస్సామీలో ‘టకా’, పుల్ల ఒక్కటే.