బృంద స్కేటింగ్ పోటీలో మీ పిల్లల ఆటను ఎలా చూడాలి?

విజయవాడలో స్కేటింగ్ నేర్చుకునే పిల్లలు చక్రాల స్కేట్స్‌తోనే మొదలుపెడతారు. వేగం పోటీలైతే చూడటం తేలిక, ముందు గీత దాటినవారే విజేత. సంగీతానికి తగ్గట్టు జట్టుగా చేసే ఆర్టిస్టిక్ స్కేటింగ్‌ను చూడటం మాత్రం తల్లిదండ్రులు కూడా నేర్చుకోవాలి.

1. మీ బిడ్డ జట్టు ఏ విభాగంలో పోటీపడుతోందో కనుక్కోండి. క్వార్టెట్‌లో నలుగురే ఉంటారు. షో గ్రూపులు ఒక కథనో భావాన్నో ప్రదర్శిస్తాయి. పెద్ద జట్టంతా ఒక్కలా కదిలే ప్రెసిషన్‌కు ఆకృతులే ప్రాణం: వలయం, వరుస, ఒకదాని వెనుక ఒకటిగా వరుసలు నిలిచే బ్లాక్, నడుమ ఇరుసు చుట్టూ వరుస తిరిగే చక్రం, ఒక వరుసలోంచి మరో వరుస దూసుకుపోయే ఇంటర్‌సెక్షన్. టీవీలో 16 మంది మంచు మీద చేసే సింక్రనైజ్డ్ స్కేటింగ్ దీనికి దగ్గరి బంధువే.

2. ముందురోజు రాత్రే సామాను చూడండి. చక్రాల బోల్టులు, బూటు ముందుండే బ్రేకు (టో స్టాపర్), లేసులు సరిచూడాలి. కొత్త చక్రాలు పోటీ రోజున వేయించవద్దు. దుస్తుల మీది పూసలు, చమ్కీలు గట్టిగా కుట్టి ఉన్నాయో లేదో లాగి చూడండి. ఊడిపడ్డ ఒక్క పూస చక్రం కిందకు వెళితే చేతులు పట్టుకుని వస్తున్న వరుస మొత్తం తూలుతుంది. జడపిన్నులకూ ఇదే జాగ్రత్త.

మన ఎండల సంగతి తెలిసిందే. ఆరుబయట సిమెంటు రింకు అయితే నీడలో కూర్చోబెట్టి, కాస్త ఉప్పు వేసిన మజ్జిగ కొద్దికొద్దిగా తాగించండి. ఇడ్లీ లాంటి తేలికపాటి టిఫిన్ రెండు గంటల ముందే అయిపోవాలి.

3. పైవరుసలో కూర్చోండి. రింకు అంచున నిలబడితే మీ బిడ్డ ముఖం కనిపిస్తుంది, ఆకృతి కనిపించదు. వీలైతే జడ్జీలున్న వైపే ఎత్తులో చోటు చూసుకోండి. ప్రదర్శనను ఎక్కువగా వారికి కనిపించేలాగే కూర్చుతారు. వీడియో తీసే పని ఒక్కరికి అప్పగించి, మిగతావారు కళ్లతో చూడండి.

4. మనుషుల మధ్య ఖాళీలను చూడండి. అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు ఇదే. జడకోలాటంలో ఒక్కరి అడుగు తప్పితే తాళ్ల అల్లిక మొత్తం చిక్కుపడుతుంది, ఇక్కడా అంతే. పిల్లల మధ్య దూరం సమానంగా ఉందా, కాళ్లు ఒకే ఎత్తుకు లేస్తున్నాయా, తలలు ఒకేసారి తిరుగుతున్నాయా గమనించండి.

చక్రం ఆకృతి వచ్చినప్పుడు మరింత శ్రద్ధగా చూడాలి. చివర ఉన్న బిడ్డ ఎక్కువ దూరం, ఎక్కువ వేగంతో తిరగాలి. నడుమ ఉన్న బిడ్డ దాదాపు ఉన్నచోటే తిరుగుతూ ఇరుసు కదలకుండా నిలపాలి. రెండూ కష్టమే. అందుకే ‘మా అమ్మాయిని మధ్యలో దాచేశారు’ అని కోచ్‌తో వాదించేముందు ఆ పని ఎంత బరువైనదో ఒక్కసారి గమనించమని నా మనవి. జట్టు ఆట సోలో కన్నా తక్కువదేమీ కాదు. హైదరాబాద్‌కు చెందిన స్కేటర్ అనూప్ కుమార్ యామ 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో వ్యక్తిగత విభాగంలో ఒకటి, అవనీ పంచాల్‌తో కలిసి జంట విభాగంలో ఒకటి, రెండు కాంస్యాలు గెలిచారు.

5. పడిపోతే పేరు పెట్టి పిలవకండి. బిడ్డ చూపు మీ వైపు తిరిగితే తన చోటు వెతుక్కోవడం ఆలస్యమవుతుంది. లేచి వరుసలో కలవడం వారికి సాధనలోనే నేర్పుతారు. తిరిగి కలిసిన క్షణంలో గట్టిగా చప్పట్లు కొట్టండి. గాయమైతే నిర్వాహకులు ఆపుతారు, మీరు రింకులోకి పరుగెత్తవద్దు.

6. ఇంటికి వెళ్లే దారిలో ‘ఎవరివల్ల పోయింది?’ అన్న ప్రశ్న వద్దు. ఆ ‘ఎవరు’ రేపు సాయంత్రం మీ బిడ్డ చేయి పట్టుకోవలసిన స్నేహితురాలే. ఏ ఆకృతి బాగా కుదిరిందని అడగండి. మార్కుల గురించి సందేహాలుంటే మర్నాడు కోచ్‌ను విడిగా అడిగి తెలుసుకోండి. ఇంటికి చేరగానే చెమటకు తడిసిన బూట్లను సంచిలోంచి తీసి, లేసులు వదులు చేసి ఫ్యాను కింద ఆరబెట్టండి.