ఇంట్లో బీడీ పొగ ఉన్నా సీపాప్ మెషిన్ హాయిగా వాడుకోవాలంటే

మాది తిరుపతి. రాత్రి సీపాప్ (నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బుకి మాస్కు ద్వారా గాలి పంపే మెషిన్) పెట్టుకునేది నేను, బీడీ తాగేది మా నాయన. ఈ మెషిన్ గాలిని ఎక్కడినుంచో తేదు, మన రూములో ఉండే గాలినే లాక్కొని ఒత్తిడితో పంపిస్తుంది, ఫిల్టర్ దుమ్మును ఆపుతుంది గానీ పొగలో ఉండే గ్యాసుల్ని, వాసనని ఆపలేదు, కాబట్టి పడుకునే రూములో ఎప్పుడూ ఎవరూ తాగకూడదు, పగలు కూడా. నాయనకి మిద్దె మీద కుర్చీ వేసినాం. మొదట అలిగినాడు, కొండమీదికి పోతే తాగకుండా ఉంటావు కదా నాయనా అంటే ఒప్పుకున్నాడు. దోమల కాయిల్, అగరొత్తులు కూడా ఆ రూములో వద్దు.

తెల్ల ఫిల్టర్ మామూలుగా నెలకోసారి మారుస్తారు, పొగ ఉండే ఇంట్లో అయితే రెండు వారాలకోసారి తీసి చూడండి. నాది ఒకసారి తీస్తే టీ వడగట్టిన గుడ్డ మాదిరి ఉండింది. దాన్ని ఉతికి మళ్ళీ పెట్టొద్దు, కొత్తది వెయ్యండి.

మాస్కుని పొద్దున్నే మైల్డ్ సోపుతో కడిగి నీడలో ఆరబెట్టండి, ట్యూబు వారానికోసారి. గాలికి తేమ ఇచ్చేదానికి మెషిన్లో ఉండే నీళ్ళ డబ్బాలో మన బోరు నీళ్ళు పోస్తే తెల్లగా ఉప్పు పట్టేస్తుంది, డిస్టిల్డ్ వాటరే పొయ్యండి. వాసన పోతుందని ఓజోన్ గ్యాసుతో మెషిన్ని శుభ్రం చేసే క్లీనర్లు కొనొద్దు, అమెరికాలో మందుల్ని, వైద్య పరికరాల్ని చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ 2020లోనే వాటి గురించి హెచ్చరించింది.

మెషిన్‌కి ఆక్సిజన్ కూడా తగిలించి ఉంటే మాత్రం ఇంట్లో బీడీ వెలిగించనే కూడదు, మంటలు లేస్తాయి.